డిడ్ వస్తే క్రియను మార్చకండి
ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న మన శ్రీకాకుళం పిల్లలకు ఒక మాట. ‘డిడ్ యు వెంట్ టు అరసవల్లి?’ అనకండి, ‘డిడ్ యు గో టు అరసవల్లి?’ అనాలి. జరిగిపోయిన కాలాన్ని డిడ్ ఒక్కటే చెప్పేస్తుంది. అందుకే క్రియ మొదటి రూపంలోనే ఉంటుంది: గో, ఈట్, సీ. కాదు అని చెప్పేటప్పుడూ అంతే, ‘ఐ డిడ్ నాట్ గో’. డిడ్ లేని మామూలు వాక్యంలో మాత్రం ‘ఐ వెంట్’ అనే అనాలి.

డజ్‌కీ ఇదే లెక్క. ‘షి లివ్స్ ఇన్ పలాస’, కానీ ‘డజ్ షి లివ్ ఇన్ పలాస?’ చివర ఉన్న ఆ ఎస్ ఇక అక్కర్లేదు.

రూల్ బట్టీ పట్టడం కన్నా, నిన్న చేసిన పనుల మీద మీలో మీరే ఇలా ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకోండి. నాలుక తొందరగా అలవాటు పడుతుంది.