మనం తాగే నీళ్లే కుక్కకు పోయొచ్చా? తాగకపోతే ఏం చూడాలి?

పోయొచ్చు. మీరు అనుమానం లేకుండా తాగే నీళ్లు నల్లావైనా, ఆర్వోవైనా, ఇరవై లీటర్ల క్యాన్‌వైనా కుక్కకూ సరిపోతాయి. "కుక్కే కదా, ఏ నీళ్లయితే ఏం" అనుకునే దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

సమస్య: గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెళ్లిపోతోంది

మొన్న ఎండాకాలం మా చింటూగాడు రెండు రోజులు ఇదే పని. సంపు కడిగించి బ్లీచింగ్ వేయించాం, ఆ వాసన మా ముక్కులకు తెలియలేదు కానీ వాడికి తెలిసిపోయింది. నీళ్లు వెడల్పాటి గిన్నెలో పట్టి రాత్రంతా మూత లేకుండా వదిలేస్తే క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. తెల్లారి అవే నీళ్లు పోస్తే గిన్నె ఖాళీ అయ్యేదాకా గతికేశాడు.

క్లోరిన్ కాకపోతే గిన్నెను అనుమానించండి. లోపలి అంచు మీద వేలితో రుద్ది చూడండి, జారుతోందా? చూడటానికి నీళ్లు తేటగానే ఉంటాయి, కానీ ఆ జిగట బాక్టీరియా పొర. పాత నీళ్ల మీదే కొత్తవి పోస్తూ పోతే వచ్చేది ఇదే. ప్లాస్టిక్ గిన్నెకు గీతలు పడితే ఎంత తోమినా పోదు. స్టీలు గిన్నె పెట్టి, రోజూ సబ్బుతో తోమి, నీళ్లు మార్చండి.

సమస్య: ఇంట్లో మంచి నీళ్లే, అయినా వాంతులు, విరేచనాలు

బయట ఏం తాగుతోందో చూడండి. వానాకాలం వాకింగ్‌లో రోడ్డు గుంటలో మూతి పెట్టిందంటే, ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. ఇది మనకూ అంటుతుంది. కుక్కలో జ్వరం, తిండి మానేయడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. టీకా ఉంది, అడిగి వేయించండి. చెరువు మీద పచ్చటి రంగు పోసినట్టు తెట్టు కట్టి ఉంటే అసలు దగ్గరికి పోనివ్వద్దు, అందులో కొన్ని రకాల పాచి గంటల్లో ప్రాణం తీస్తుంది. వాకింగ్‌కి ఒక సీసా నీళ్లు పట్టుకెళ్తే ఈ టెన్షన్ ఉండదు.

సమస్య: ఎంత పోసినా చాలట్లేదు

మామూలుగా కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు, ఎండల్లో ఇంకొంచెం ఎక్కువ. కొలిచి పోసి చూడండి. కిలోకు 100 దాటుతోందంటే షుగరో, కిడ్నీ జబ్బో, ఆపరేషన్ కాని ఆడకుక్కయితే గర్భసంచిలో చీము పట్టడమో కావచ్చు. ఇంట్లో ఉచ్చ పోస్తోందని నీళ్లు తగ్గించకండి, పరీక్ష చేయించండి.

బోరు నీళ్ల సంగతి

నల్గొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆ నీళ్లు మనుషుల్నే కాదు, పశువుల్నీ పాడుచేశాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఆర్వోతో తగ్గుతుంది. మీరు ఆర్వో తాగుతూ కుక్కకు బోరు పోస్తుంటే, దయచేసి ఆపండి.

ఇక ఒకే గ్లాసులో ఇద్దరూ తాగడం మాత్రం వద్దు. దాని నోట్లో ఉండే సూక్ష్మజీవులు పసిపిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మంచివి కావు. ఒకసారి మా నాన్నగారి చెంబులో చింటూగాడు మూతి పెట్టేశాడు. ఆయన ఏమీ అనలేదు, చెంబు తీసుకెళ్లి వాడి గోనెపట్ట పక్కన పెట్టి వచ్చారు.