ఖరీదైన పరిశోధన గ్రంథం కొనే ముందు శోధ్‌గంగ చూడండి

కొల్లేరు రాజకీయాలపైనో, తీర పట్టణాల ప్రణాళికపైనో వచ్చే పరిశోధన గ్రంథాలకు తరచు వేల రూపాయల ధర ఉంటుంది. అమలాపురం, భీమవరం వంటి ఊళ్ల గ్రంథాలయాలలో అవి దొరకడం అరుదు. అయితే ఇలాంటి పుస్తకాలలో చాలా వాటికి మూలం రచయితల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమే. పుస్తకంలోని కృతజ్ఞతల పేజీ చదివితే ఆ పరిశోధన ఏ విశ్వవిద్యాలయంలో జరిగిందో సాధారణంగా తెలుస్తుంది. అది మన దేశానిదైతే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ సిద్ధాంత గ్రంథాల భాండాగారంలో రచయిత పేరుతో వెతకండి. చదవడానికి రుసుము లేదు.

అక్కడ అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి కనుక, ముందు విషయసూచికను, ఆపైన కావలసిన అధ్యాయాన్ని మాత్రమే దించుకోవచ్చు. అనుబంధాలను మాత్రం వదలకండి. ఉదాహరణకు, +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే గీత) వరకు కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించిన 1999 నాటి ఉత్తర్వు ప్రభావాన్ని పరిశీలించేవారికి, అచ్చు పుస్తకంలో కుదించే గ్రామాల పట్టికలు, ప్రశ్నావళులు, పటాలే అసలైన సంపద.

విదేశీ విశ్వవిద్యాలయాలకు సమర్పించినవి ఇందులో దొరకవు. పైగా పుస్తకంగా మారేటప్పుడు రచయిత నిర్ధారణలను సవరించి ఉండవచ్చు. కాబట్టి ఉటంకించవలసి వస్తే ఏది చదివారో దానినే పేర్కొనండి, సిద్ధాంత గ్రంథపు పుట సంఖ్యలను పుస్తకానికి అంటగట్టకండి.