అమెరికా వీడియో డాక్టర్ ముందు మన ఇంగ్లీష్: సమస్య - పరిష్కారం

పిల్లల దగ్గరికి ఆరు నెలలకని అమెరికా వచ్చిన పెద్దవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే, ఇప్పుడు చాలా ఇళ్ళలో ముందు చేసేది వీడియోలో డాక్టర్‌కి చూపించడమే. "నాన్నకి వాళ్ళ ఇంగ్లీష్ అర్థం కాదేమో" అని పిల్లలు టెన్షన్ పడతారు. నేను చూసినంతలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది రాని ఇంగ్లీష్ కాదు, బాగా వచ్చనుకున్న ఇంగ్లీషే. జీవితమంతా ఆఫీసు ఇంగ్లీష్ రాసి రిటైరైన పెద్దాయన ధైర్యంగా "ఐ హావ్ బీపీ, షుగర్, లిటిల్ గ్యాస్" అనేస్తారు. ఆ మాటలు గుంటూరు డాక్టర్‌కి చాలు, న్యూజెర్సీ డాక్టర్‌కి చాలవు.

సమస్య: పుట్టిన తేదీ సరిగ్గానే కొట్టినా పోర్టల్ లోపలికి రానివ్వడం లేదు

పోర్టల్ అంటే ఆసుపత్రి వెబ్‌సైట్‌లో రోగి పేరు మీద ఉండే ఖాతా. అమెరికాలో తేదీ రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. జూన్ 5న పుట్టిన వాళ్ళు 05/06 అని కొడితే అది మే 6 అవుతుంది. రోజు 12 దాటితే తప్పని వెంటనే తెలిసిపోతుంది, దాటకపోతే ఎవరికీ అనుమానం రాదు. ఫోన్‌లో అడిగినా నెల పేరు పలికి చెప్పడం మేలు.

రెండో చిక్కు ఇంటిపేరు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి వీసా మీద మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఇన్సూరెన్స్ కార్డు మీద ఎలా ఉందో పోర్టల్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే పెట్టండి. వెంకట సుబ్బారావు గారు వీసా పుణ్యాన "ఎఫ్ఎన్‌యూ గారు" అయిపోయినా, కార్డు మీద అదే ఉంటే అదే కొట్టాలి.

సమస్య: జబ్బు చెప్పినా డాక్టర్‌కి అందలేదు, లేదా ఇంకేదో అనుకున్నారు

కాసేపు ఆగాల్సింది ఇక్కడే. మనం జబ్బుకి పెట్టుకున్న పొట్టి పేర్లు అక్కడ జబ్బు పేర్లు కావు. బీపీ అంటే రక్తపోటు, అది అందరికీ ఉంటుంది. "హై బ్లడ్ ప్రెషర్" అనాలి. షుగర్‌కి "డయాబెటిస్", ఫిట్స్‌కి "సీజర్స్". "థైరాయిడ్ ఉంది" అంటే సరిపోదు, ఎక్కువా తక్కువా చెప్పాలి. "లూజ్ మోషన్స్" అంటే అవతలివాళ్ళు ఒక క్షణం ఆగిపోతారు, "డయేరియా" అంటే పని అయిపోతుంది. ఎన్నిసార్లు, నీళ్ళలా ఉందా, రక్తం పడిందా అనేవి అడక్కముందే చెప్పేస్తే ఇంకా మంచిది.

వీటితో పోయేది కాస్త సమయమే. ప్రమాదం తెచ్చేవి మూడున్నాయి.

మొదటిది "నీరసం". దాన్ని మనం "వీక్‌నెస్" అంటాం. అమెరికా డాక్టర్‌కి ఆ మాట వినగానే ఒక చెయ్యో కాలో పట్టు తప్పిందేమో, పక్షవాతమేమో అన్న అనుమానం వస్తుంది. ప్రశ్నలన్నీ అటే పోతాయి, ఒక్కోసారి ఎమర్జెన్సీకి వెళ్ళమంటారు కూడా. ఓపిక లేకపోతే "టైర్డ్" లేదా "ఫెటీగ్" అనండి. నిజంగానే ఒక పక్క చెయ్యి లేవకపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వీడియో అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయాలి.

రెండోది "కళ్ళు తిరగడం". తెలుగులో రెండు వేర్వేరు అవస్థలకి ఇదే మాట. గది గిర్రున తిరుగుతున్నట్టుంటే అది చెవి లోపలి సమస్య కావచ్చు. కుర్చీలోంచి లేవగానే చీకట్లు కమ్మి పడిపోతామనిపిస్తే రక్తపోటు తగ్గి ఉండవచ్చు, వేసుకుంటున్న మందు వల్లే కావచ్చు. "గిడ్డీనెస్" అని ఊరుకుంటే ఈ తేడా తెలియదు. "ద రూమ్ ఈజ్ స్పిన్నింగ్" లేదా "ఐ ఫీల్ లైక్ ఫెయింటింగ్", రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

మూడోది, అన్నిటికన్నా చెడ్డది, "గ్యాస్". మనకి కడుపుబ్బరం గ్యాసే, ఛాతీలో పట్టేసినా గ్యాసే, వీపులో పొడిచినా గ్యాసే. అక్కడ ఆ మాటకి అర్థం కడుపులో గాలి, అంతే. గుండెపోటుని గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చున్న కథలు మన ఊళ్ళలో కొదవా? అందుకే ఈ మాటని పూర్తిగా పక్కన పెట్టి, నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, నడిస్తే పెరుగుతోందా, చేతికో దవడకో పాకుతోందా, చెమటలు పడుతున్నాయా అన్నది చెప్పండి. ఛాతీ నొప్పితో పాటు చెమటో ఆయాసమో ఉంటే ఇదీ వీడియోలో తేలే విషయం కాదు, 911.

ఈ మూడింటికీ మందు ఒకటే. జబ్బు పేరు మనం పెట్టకుండా, ఒంట్లో జరుగుతున్నది జరిగినట్టు చెప్పడం. పేరు పెట్టే పని డాక్టర్‌కి వదిలేయాలి.

సమస్య: వాడుతున్న మందులు చెబితే డాక్టర్‌కి ఒక్కటీ తెలియలేదు

డోలో, ఎకోస్ప్రిన్, టెల్మా, థైరోనార్మ్, గ్లైకోమెట్ మన దగ్గరి బ్రాండ్లు. స్ట్రిప్ మీద ఉన్న అసలు మందు పేరు రాసుకోవాలి: టెల్మిసార్టాన్, లెవోథైరాక్సిన్, మెట్‌ఫార్మిన్. ఇది చాలామందికి తెలుసు. అసలు పేరే మారిపోయే మందులు కూడా ఉన్నాయని మాత్రం తెలియదు. మన పారాసెటమాల్ అక్కడ అసెటమినోఫెన్. ఆస్తమా ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. పారాసెటమాల్ విషయంలో జాగ్రత్త తప్పదు. ఇంటినుంచి తెచ్చుకున్న డోలో 650 వేసుకుంటూ, షాపులో కొన్న జలుబు మందు కూడా తాగితే, చాలా వాటిలో ఉండేదీ అదే మందు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైనా రోజుకి మొత్తం 4000 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే కాలేయానికి దెబ్బ.

కొన్ని మందులు అక్కడ దొరకవు. మనం ఎసిడిటీకి వేసుకునే పాన్-డిలోని డాంపెరిడోన్‌కి, అమెరికాలో మందులకి అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. గుండెకి వాడే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బదులు అక్కడ 81 మిల్లీగ్రాములది ఉంటుంది. ఆ తేడా చూసి కంగారు పడక్కర్లేదు, అక్కడ చిన్న డోసు అంటే అదే.

ఇక చీటీ రాసే తీరు. 1-0-1 అంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటని మన మెడికల్ షాపు కుర్రాడికి కూడా తెలుసు, అమెరికా నర్సుకి తెలియాలని లేదు. "ఓడీ" ఇంకా దారుణం. మన దగ్గర రోజుకి ఒకసారి, అక్కడ ఓవర్‌డోస్, కంటి డాక్టర్లకైతే కుడికన్ను. కాబట్టి "వన్ టాబ్లెట్, ట్వైస్ ఎ డే" అని మాటల్లోనే రాసి, కాల్‌కి ముందే పోర్టల్‌లో స్ట్రిప్పుల ఫోటోలు పెట్టేయండి.

సమస్య: రాత్రి పోర్టల్‌లో రిపోర్టు వచ్చింది, చదివినప్పట్నుంచీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు

2021 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిబంధన ప్రకారం, ఫలితాలు రోగికి చేరకుండా కారణం లేకుండా ఆపకూడదు. అందుకే చాలాసార్లు డాక్టర్ చూడకముందే మనకి చేరతాయి. దానికి తోడు రిపోర్టు భాష. "అన్‌రిమార్కబుల్" అని ఉంటే బాగాలేదని కాదు, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని. "నెగటివ్" అంటే వెతికింది కనపడలేదని. స్కాన్ రిపోర్టులో ముందుగా, చివరన ఉండే "ఇంప్రెషన్" (అంటే మొత్తం మీద తేలింది) చదవండి, పైనున్న కొలతలు తర్వాత చూడవచ్చు. అర్థం కాని ముక్క ఉంటే గూగుల్‌లో వెతక్కుండా, అదే పోర్టల్‌లో మెసేజ్ పెట్టి "డూ ఐ నీడ్ టు డూ ఎనీథింగ్ నౌ?" అని అడగండి.

తెర మీదికి వచ్చినవాళ్ళ పేరు పక్కన "పీఏ" అని ఉంటే పర్సనల్ అసిస్టెంట్ వచ్చాడని కోపం తెచ్చుకోకండి. అది ఫిజీషియన్ అసిస్టెంట్, పరీక్షించి మందు రాసే అర్హత ఉన్నవాళ్ళే.

సమస్య: అబ్బాయి పక్కన కూర్చుని అనువాదం చేస్తున్నాడు, అయినా అసలు సంగతి బయటికి రాలేదు

అమ్మ ఐదు నిమిషాలు చెప్పింది, కొడుకు "షీ హాజ్ స్టమక్ పెయిన్" అని తేల్చేశాడు. ఇంకో వైపు, కొడుకు ముందు మూత్రం సంగతో రక్తస్రావం సంగతో అమ్మ నోరు విప్పదు. ఇందులో ఇద్దరి తప్పూ లేదు, ఏర్పాటులోనే లోపం ఉంది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు అర్హత ఉన్న దుభాషిని ఉచితంగా ఇవ్వాలని అక్కడి ఆరోగ్య చట్టం అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557వ సెక్షన్ చెబుతోంది. వీడియో వైద్యానికీ ఇది వర్తిస్తుంది. మైనర్ పిల్లల్ని అనువాదానికి కూర్చోబెట్టడం అత్యవసరమైతే తప్ప కూడదు, మనవడి ఇంగ్లీష్ ఎంత బాగున్నా సరే. 2024లో వచ్చిన నిబంధనలైతే, ముఖ్యమైన సమాచారాన్ని యంత్రంతో అనువదిస్తే అర్హత ఉన్న మనిషి సరిచూడాలని కూడా అన్నాయి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అని రాయించండి. ఇండియా అనగానే హిందీ వాళ్ళని కలిపేసే అవకాశం ఉంది, కాబట్టి తెలుగు అని రెండుసార్లు చెప్పినా ఫర్వాలేదు. దుభాషి లైన్‌లోకి వచ్చాక వాళ్ళతో కాదు, డాక్టర్‌నే చూస్తూ చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడాలి. కాల్ చివర్లో ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో అమ్మ తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఎక్కడ తేడా వచ్చినా అప్పుడే దొరుకుతుంది.

సమస్య: కాల్ మొదట్లోనే "ఇప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగి, జవాబు విని ఆపేశారు

"మా అబ్బాయి ఇంట్లో" అన్నది జవాబు కాదు, వాళ్ళకి కావాల్సింది రాష్ట్రం పేరు. మామూలుగా రోగి ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్న డాక్టరే చూడాలి. టెక్సాస్‌లో బుక్ చేసుకుని, కూతుర్ని చూడ్డానికి కాలిఫోర్నియా వెళ్ళి అక్కడినుంచి కలిస్తే కాల్ రద్దయినట్టే. అప్పుడు కాలిఫోర్నియా లైసెన్సు ఉన్న డాక్టర్‌తో మళ్ళీ బుక్ చేసుకోవాలి. పూర్తి అడ్రసు అడిగేది ఇంకో కారణానికి. మాట్లాడుతుండగా మీకేమైనా అయితే అంబులెన్స్‌ని అక్కడికే పంపుతారు. అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి.