చిన్నప్పటి గది గీసేటప్పుడు కంటి మట్టం దించండి

అమ్మమ్మ కుట్టు మిషన్ బొమ్మని రెండుసార్లు పాడుచేశాను. మొదటిసారి ఫొటో ఎదురుగా పెట్టుకుని గీశాను. చక్రం, బెల్టు, సూది అన్నీ కుదిరాయి. కానీ మిషన్లు అమ్మేవాళ్ల క్యాటలాగ్‌లో బొమ్మలా ఉంది. ఎక్కడ తేడా కొట్టిందో చాలా రోజులకి గానీ తట్టలేదు: ఆ మిషన్‌ని నేనెప్పుడూ పైనుంచి చూడలేదు. దాని కింద, పెడల్ పక్కన కూర్చుని చూసేదాన్ని.

అందుకే పెన్సిల్ పట్టే ముందు, అప్పుడు మీరెంత ఎత్తుండేవారో ఆలోచించండి. నాలుగేళ్ల పిల్ల నిలబడితే కళ్లు నేలకి సుమారు 3 అడుగుల ఎత్తులో ఉంటాయి. కాగితం మీద కంటి మట్టం గీత, అంటే కళ్ల ఎత్తుని చూపే అడ్డగీత, బొమ్మలో ఆ ఎత్తుకి గీయండి. టేబుల్ పైభాగం సన్నటి పట్టీలా మారిపోతుంది. తలుపు గడియ కంటికి పైకి పోతుంది. అదే పిల్లని నేలమీద కూర్చోబెడితే టేబుల్ అడుగున ఉన్న మేకులు కూడా కనిపిస్తాయి. ఈ ఒక్క గీత సరిగ్గా పడితే సగం పని అయినట్టే.

తర్వాత ఫొటోని సొరుగులో పడేసి, ఒక ఇరవై నిమిషాలు గుర్తున్నది మాత్రమే గీయండి. గుర్తులేని చోట ఖాళీ వదిలేయండి. ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు. రెండో బొమ్మలో మిషన్‌కి చక్కటి సొరుగు గీశాను, ఇత్తడి పిడితో సహా. అమ్మ చూసి నవ్వింది. "అది నీ చదువుకునే బల్లదే! మిషన్‌కి సొరుగెక్కడిది?" మనం గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని కొత్తగా కూర్చుకుంటామని బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే రాశాడు. నా సొరుగు అలా వచ్చి చేరిందే.

గుర్తుంచుకోవడం సాధన చేస్తే వస్తుంది. పారిస్‌లో 19వ శతాబ్దంలో లెకోక్ ద బ్వాబోద్రాన్ అనే మాస్టారు శిష్యులకి ఇదే నేర్పేవాడు: వస్తువుని బాగా చూడాలి, అది ఎదురుగా లేనప్పుడు గీయాలి. శిల్పి రోడాన్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. నేను ఒక కప్పుని రెండు నిమిషాలు చూసి మర్నాడు గీస్తాను. తర్వాత కప్పు పక్కన పెట్టి, తప్పుల మీద ఎర్ర పెన్సిల్ పెడతాను. కప్పు చెవి ఇప్పటికీ తప్పే.

ఫొటోని చివర్లో తీయండి, అదీ బెల్టు ఎటునుంచి ఎటు తిరుగుతుందో చూడ్డానికి. రంగులు మాత్రం దాన్ని చూసి వేయొద్దు. పాత రోజులు అనగానే అంతా గోధుమరంగు పూసేస్తాం. అది వెలిసిపోయిన కాగితం రంగు, ఆ రోజుల రంగు కాదు కదా!

మూడో బొమ్మలో పెడల్, దానిమీద రెండు పాదాలు, అంతే. పైన ముప్పాతిక కాగితం ఖాళీ. అమ్మ చాలాసేపు చూసి, "కుడికాలు ముందుకుండాలే" అంది. నాకు ఎడమకాలే గుర్తు. దిద్దలేదు.