ఇంట్లో చేసే సబ్బులతో చిన్న వ్యాపారం నడపడం ఎలా?

సబ్బు ఒకసారి బాగా కుదరడం పెద్ద విషయమేమీ కాదు. అదే సబ్బు ఆరు నెలల తర్వాత కూడా అదే వాసనతో, అదే గట్టిదనంతో కుదిరితేనే కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చి అడుగుతారు. ఆ 'మళ్ళీ' లేకపోతే ఎంత అందంగా చేసినా అది సరదాగానే మిగిలిపోతుంది. కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో, అంటే పొయ్యి మీద ఉడికించకుండా, నూనెల్లో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి సబ్బు చేసి అమ్మాలనుకునేవాళ్ళ కోసం ఇది.

1. ముందు రకాలు తగ్గించుకోండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు పది వాసనలు, పది రంగులు పెట్టాలనిపిస్తుంది. బల్ల నిండుగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఒక్కో రకం వెనకా ఒక సెంటు సీసా, ఒక లేబులు, ఒక పదార్థాల జాబితా, ఆరబెట్టడానికి పట్టే ఆరువారాల సరుకు ఉంటాయి. పదింటిలో మూడే అమ్ముడవుతాయి, మిగతా ఏడూ అరలో వాసన పోగొట్టుకుంటూ కూర్చుంటాయి.

సబ్బుకు పేరుమోసిన ఊళ్ళను చూడండి. సిరియాలోని అలెప్పోలో ఆలివ్ నూనె, లారెల్ నూనె. పాలస్తీనాలోని నాబ్లస్‌లో ఆలివ్ నూనె ఒక్కటే. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ సబ్బు మీద ఇప్పటికీ 72% నూనె అన్న ముద్ర కనిపిస్తుంది. తరాల తరబడి దాదాపు ఒకే సబ్బు చేస్తూ పేరు తెచ్చుకున్న చోట్లు ఇవి.

మీకు ఒకే మూల కొలత, అంటే ఏ నూనె ఎంత, సోడా ఎంత, నీళ్ళెంత అన్న లెక్క ఒకటి చాలు. దాంతోనే మూడు రకాలు చేయండి: వాసన లేనిది ఒకటి, వాసన ఉన్నవి రెండు. వాసన లేనిదాన్ని తీసిపారేయకండి. సున్నితమైన చర్మం ఉన్నవాళ్ళు, పసిపిల్లల తల్లులు మొదట అడిగేది దాన్నే.

2. మూల కొలతను లెక్కకట్టి స్థిరపరచండి

ప్రతి నూనెకూ సబ్బుగా మారడానికి కావలసిన సోడియం హైడ్రాక్సైడ్ వేరుగా ఉంటుంది. కాస్టిక్ సోడా అన్నా, ఇక్కడ ఉత్త సోడా అన్నా ఇదే. గ్రాము కొబ్బరి నూనెకు సుమారు 0.183 గ్రాములు, ఆలివ్ నూనెకు 0.135, ఆముదానికి 0.128. కొబ్బరి నూనె గట్టిదనం, నురగ ఇస్తుంది, ఎక్కువైతే చర్మాన్ని పొడిబారుస్తుంది. ఆలివ్ నూనె మృదుత్వం ఇస్తుంది. ఆముదం నురగను నిలబెడుతుంది.

కిలో నూనెల వాయి ఒకటి లెక్కేద్దాం. ఆలివ్ నూనె 600 గ్రాములు, కొబ్బరి నూనె 300, ఆముదం 100. సోడా 81 + 54.9 + 12.8, మొత్తం 148.7 గ్రాములు. ఇందులో 5 శాతం తగ్గించి 141 గ్రాములే వాడతాం. అలా తగ్గిస్తే కొంత నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది. చర్మానికి మెత్తగా తగిలేది అదే, కొలతలో చిన్న తేడా వచ్చినా కాపాడేదీ అదే. నీళ్ళు సోడాకు రెట్టింపు, 282 గ్రాములు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. కొబ్బరి నూనె అయిపోయిందని ఆ 300 గ్రాముల స్థానంలో కూడా ఆలివ్ నూనే పోసేస్తారు, సోడా మాత్రం పాత కొలతే వేస్తారు. కొత్త మిశ్రమానికి కావలసిన సోడా 134 గ్రాములే. మిగిలిన 7 గ్రాముల కాస్టిక్ సోడా సబ్బులోనే ఉండిపోయి చర్మాన్ని కాలుస్తుంది. నూనె మారితే లెక్క మళ్ళీ మొదటినుంచి కట్టాల్సిందే. ఇంటర్నెట్లో సబ్బు కాలిక్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో సోడియం హైడ్రాక్సైడ్‌నే ఎంచుకున్నారో లేదో చూసుకోండి. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవ సబ్బులకు వాడేది, దాని లెక్క వేరు.

అన్నీ బరువుతోనే కొలవాలి. కప్పులు, చెంచాలు, మిల్లీలీటర్లు ఈ పనికి పనికిరావు. గ్రాము వరకు చూపించే ఎలక్ట్రానిక్ కాటా మీ మొదటి పెట్టుబడి. అచ్చుల కంటే, ముద్రల కంటే ముందు అదే కొనండి.

3. సోడా దగ్గర మొండితనం వద్దు

సోడాను నీళ్ళలో వేయాలి. సోడా మీద నీళ్ళు పోయకూడదు, ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. సరిగ్గా కలిపినా ద్రావణం 80 డిగ్రీల సెల్సియస్ దాటిపోవచ్చు, ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి. కళ్ళద్దాలు పక్కలు కూడా మూసి ఉండే రకం కావాలి. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లలు, పెంపుడు జంతువులు ఆ గదిలో ఉండకూడదు.

పాత్రలు స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ మందపాటి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి గానీ వాడండి. అల్యూమినియం అసలు వద్దు. సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. గాజుపాత్ర కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టు కనిపించి ఒకరోజు వేడికి పగిలిపోవచ్చు. వీటిని వంటకు వాడే గిన్నెలతో కలపకండి.

చర్మం మీద పడితే పారే నీళ్ళ కింద చాలాసేపు కడగాలి. వెనిగర్ పోయమని ఎవరైనా చెబితే వినకండి, ఆ కలయిక వల్ల కూడా వేడి పుడుతుంది. కంట్లో పడితే కడుగుతూనే వైద్య సహాయం కోసం పిలవాలి.

కొనే సోడా స్వచ్ఛత సీసా మీద రాసి ఉండాలి. కాలువలు శుభ్రం చేసే పొడుల్లో కొన్నింటిలో అల్యూమినియం ముక్కలు కలుపుతారు, అవి సబ్బుకు పనికిరావు. మూత గట్టిగా బిగించండి. సోడా గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం తగ్గిపోతుంది.

4. వాయి దించడం

ద్రావణం, నూనెలు రెండూ 35 నుంచి 45 డిగ్రీల మధ్యకు వచ్చాక నూనెల్లోకి ద్రావణం పోసి స్టిక్ బ్లెండరుతో కలపండి. ఆపి ఆపి తిప్పాలి. పైన గీత గీస్తే ఆ గీత నిలిచే చిక్కదనం రాగానే సెంటు కలిపి అచ్చులో పోయండి. రెండు రోజుల్లో గట్టిపడ్డాక కోయవచ్చు. కోసిన బిళ్ళలో తెల్లటి సోడా గుంటలు కనిపిస్తే ఆ వాయి అమ్మకండి.

సెంట్ల గురించి కొంచెం చెప్పుకోవాలి. నూనెల బరువులో 3 శాతం వరకు వేయడం మామూలు, అంటే ఈ వాయికి 30 గ్రాములు. కానీ ప్రతి సెంటుకూ ఒక హద్దు ఉంటుంది. 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా ఈ హద్దులు నిర్ణయిస్తుంది. సబ్బు బిళ్ళలు దాని తొమ్మిదో వర్గంలోకి వస్తాయి. సెంటు అమ్మేవాళ్ళ దగ్గర ఇఫ్రా సర్టిఫికెట్ అడగండి, అది లేదన్నవాళ్ళ దగ్గర కొనకండి. ఆ హద్దును తయారైన సబ్బు బరువు మీద లెక్కగడతారు, నూనెల బరువు మీద కాదు.

వెనిలిన్ (వెనిలా వాసన ఇచ్చే పదార్థం) ఉన్న సెంటు సబ్బును గోధుమ రంగుకు తిప్పేస్తుంది. లవంగ నూనె, కొన్ని పూల వాసనలు మిశ్రమాన్ని క్షణాల్లో గట్టిపరుస్తాయి. అందుకే కొత్త సెంటును చిన్న వాయిలో పరీక్షించాకే పెద్ద సీసా కొనాలి.

5. ఆరబెట్టే ఆరువారాల్లో చిక్కుకునే డబ్బు

కోసిన బిళ్ళలను గాలి తగిలే చెక్క అరల్లో, ఒకదానికొకటి తగలకుండా, ఎండ పడని చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. ఆలివ్ నూనె ఎక్కువున్న ఈ కొలతకు ఆరు వారాలు ఇవ్వండి. ఈ సమయంలో నీరు ఆవిరై బిళ్ళ గట్టిపడుతుంది, ఎక్కువ రోజులు వస్తుంది. తొందరపడి నాలుగో రోజే అమ్మితే కొన్నవాళ్ళ స్నానాలగదిలో అది ముద్దైపోతుంది.

వ్యాపారంగా చూస్తే అసలు చిక్కు ఇక్కడే. వారానికి 42 బిళ్ళలు అమ్మాలంటే 14 బిళ్ళల వాయిలు మూడు వేయాలి. ఆరు వారాల సరుకంటే మీ అరల్లో ఎప్పుడూ 252 బిళ్ళలు అమ్మకానికి రాకుండా ఉంటాయి. వాటికి పెట్టిన నూనె, సెంటు, మీ శ్రమ అన్నీ అక్కడ ఆగిపోయినట్టే. చేతిలో డబ్బంతా మొదటి నెలలోనే సరుకుకు పెట్టేసినవాళ్ళు రెండో నెలలో నూనె కొనలేక ఆగిపోతారు.

మేళా ఉంటే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చుట్టడానికి, లేబుళ్ళకు ఐదు రోజులు, ఆరడానికి 42, అచ్చులో రెండు, సెంటు తెప్పించుకోవడానికి ఒక వారం. మొత్తం 56 రోజులు. మేళా నెల రోజులే ఉందనగా మొదలుపెట్టిన వాయి దాని తర్వాతి మేళాకే పనికొస్తుంది.

6. నోటుపుస్తకంలో ప్రతి వాయికీ ఒక పేజీ

వాయి నంబరు, తేదీ, ప్రతి నూనె బరువు, ఏ డబ్బాలోంచి తీశారు, సోడా, నీళ్ళు, ఉష్ణోగ్రతలు, సెంటు, చిక్కబడటానికి పట్టిన సమయం రాయండి. కోసిన రోజు బరువు, ఆరాక బరువు కూడా. ప్రతి వాయిలో ఒక బిళ్ళ మీ దగ్గరే దాచండి, దాని మీద నంబరు అతికించండి.

ఏడాది తర్వాత ఎవరో ఒకరు 'నారింజ రంగు మచ్చలు వచ్చాయి' అంటారు. నూనె చెడి కారువాసన పట్టడం మొదలైతే ఆ మచ్చలు వస్తాయి. లేబులు మీద నంబరు చూసి పుస్తకం తెరిస్తే ఆ వాయికి పాత డబ్బా నూనె వాడినట్టు తెలుస్తుంది. అదే డబ్బాతో చేసిన మిగతా వాయిలను అల్మారాలోంచి తీసేయగలరు. పుస్తకం లేకపోతే మొత్తం సరుకును అనుమానించాల్సి వస్తుంది.

7. ధర: మీ నిమిషాలు లెక్కలోకి రావాలి

నూనె, సోడా, సెంటు, కాగితం ఖర్చు అందరూ కడతారు. గంటలు ఎవరూ కట్టరు. ఒక వాయికి కొలవడం, కలపడం గంట అనుకుందాం. కోయడం, ముద్ర వేయడం అరగంట. పాత్రలు కడగడం అరగంట. 14 బిళ్ళలు చుట్టి లేబులు అతికించడానికి ఒక్కోదానికి మూడు నిమిషాలు. కలిపితే 160 నిమిషాలు దాటుతుంది, అంటే బిళ్ళకు దాదాపు 12 నిమిషాలు. మీ గంట కూలి ఎంతని మీరనుకుంటారో దానిలో ఐదో వంతు ప్రతి బిళ్ళ ధరలోనూ ఉండాలి. ఆ అంకె చూసి గుండె జారితే ధర తగ్గించకండి, పని కుదించండి. ఒకే రోజు మూడు వాయిలు వేస్తే కడుగుడు ఒక్కసారే. కాగితం పట్టీతో సరిపెడితే చుట్టడానికి నిమిషం చాలు. సబ్బుకు గాలి తగలడం కూడా మంచిదే.

వీటికి కరెంటు, మేళా అద్దె, పాడైన బిళ్ళలు కలపండి. వచ్చిన మొత్తానికి కనీసం రెట్టింపు అమ్మకపు ధర ఉండాలి. దుకాణాలకు ఇచ్చేటప్పుడు అమ్మకపు ధరలో సగం దాకా వాళ్ళే ఉంచుకోవడం మామూలు. ముందే ఆ చోటు ఉంచుకోకపోతే మొదటి దుకాణం ఆర్డరే మీకు నష్టం తెస్తుంది.

8. లేబులు, చట్టం

బరువు ఆరాక చూసి రాయాలి. 100 గ్రాములకు కోసిన బిళ్ళ ఆరువారాల తర్వాత దాదాపు పదో వంతు తగ్గి 90 దగ్గరకు వస్తుంది. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా, వాయి నంబరు, మీ చిరునామా ఉండాలి.

అమ్మే ముందు మీ దేశపు నిబంధనలు కనుక్కోండి, అవి చాలా తేడాగా ఉంటాయి. యూరోపియన్ యూనియన్‌లో 1223/2009 నిబంధన ప్రకారం ప్రతి కొలతకూ అర్హుడైన నిపుణుడి భద్రతా నివేదిక కావాలి. లినలూల్, లిమొనీన్ లాంటి వాసన పదార్థాలు 0.01 శాతం దాటితే లేబులు మీద చెప్పాలి. భారత్‌లో సబ్బు తయారుచేసి అమ్మడానికి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు అవసరం. అమెరికాలో మామూలు సబ్బుకు నిబంధనలు తేలిక. కానీ 'మొటిమలు తగ్గిస్తుంది' అని ఒక్క మాట రాశారా, అది అక్కడ మందుల కిందికి వెళ్ళిపోతుంది. ఏ దేశంలో ఉన్నా రోగాల పేర్లు లేబులు మీదకు, మాటల్లోకి రానివ్వకండి.

'రసాయనాలు లేనిది' అని కూడా రాయకండి. సోడియం హైడ్రాక్సైడ్ లేకుండా గట్టి సబ్బు బిళ్ళ కావడం కష్టం. సరిగ్గా చేస్తే ఆ సోడా మొత్తం నూనెలతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. ఆ మాటే చెప్పండి, అడిగినవాళ్ళు ఆసక్తిగా వింటారు.

9. అమ్మకం

బల్ల మీద చుట్టని బిళ్ళ ఒకటి పెట్టండి, వాసన చూడకుండా సబ్బు కొనేవాళ్ళు తక్కువ. అంతర్జాలంలో అమ్మితే వాసన చూపించలేరు కాబట్టి చిన్న ముక్కల నమూనా పొట్లం ఒకటి అమ్మకానికి పెట్టండి.

దుకాణంతో మాట్లాడేటప్పుడు కనీస ఆర్డరు ఒక వాయి అని చెప్పండి. అమ్మాక డబ్బిస్తాం, సరుకు పెట్టి వెళ్ళండి అనే పద్ధతికి ఒప్పుకుంటే మూడు సంగతులు కాగితం మీద ఉండాలి: ఏ తేదీన లెక్క చూస్తారు, పాడైన బిళ్ళ నష్టం ఎవరిది, అమ్ముడుకానివి ఎన్నాళ్ళకు వెనక్కి తెచ్చుకోవాలి. వెనక్కి వచ్చిన బిళ్ళల్లో వాసన తగ్గినవాటిని మళ్ళీ పూర్తి ధరకు పెట్టకండి. తురిమి కొత్త వాయిలో కొద్దిగా కలపవచ్చు, లేదా ఇంట్లోనే వాడుకోవచ్చు.