ఫోర్స్ డిలీట్ కొట్టే ముందు: జాబితాలో కనిపించనంత మాత్రాన ప్రాసెస్ ఆగినట్టు కాదు

ఈ మధ్య ఒక బృందం రాత్రిపూట తమ కూబర్నెటీస్ క్లస్టర్‌లో (కంటైనర్లను, అంటే విడివిడిగా కట్టిపెట్టిన ప్రోగ్రామ్‌లను, అనేక యంత్రాల మీద నడిపే వ్యవస్థ) నోడ్‌లను, అంటే ఆ యంత్రాలను, అప్‌గ్రేడ్ చేస్తుండగా ఒక డేటాబేస్ పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) ‘టెర్మినేటింగ్’ స్థితిలో, అంటే తొలగింపు మొదలై పూర్తికాకుండా, ఇరుక్కుపోయింది. ఓపిక నశించి ఎవరో ఫోర్స్ డిలీట్ (బలవంతపు తొలగింపు ఆదేశం) కొట్టారు. జాబితాలోంచి పేరు పోయింది, కొత్త పాడ్ మరో నోడ్ మీద లేచింది, అంతా సవ్యంగా ఉందనుకుని పడుకున్నారు. తెల్లవారేసరికి ఇండెక్స్‌లు చెడిపోయి ఉన్నాయి. పాత ప్రాసెస్ పాత నోడ్ మీద బతికే ఉంది, అదే వాల్యూమ్‌లోకి (డేటా ఉండే డిస్కులోకి) రాస్తూనే ఉంది.

అప్‌గ్రేడ్‌ల కాలం ముందుంది కాబట్టి ఇది రాస్తున్నాను. బ్యాకప్ తీసుకోండి, ముందు టెస్ట్ క్లస్టర్‌లో చూడండి వంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసినంతలో జనాన్ని ముంచేది ఒకే ఒక్క పొరపాటు: పేరు పోయింది కదా అని ప్రాసెస్ కూడా పోయిందనుకోవడం. హాజరు పట్టీలో పేరు కొట్టేస్తే మనిషి గదిలోంచి వెళ్ళిపోడు.

ఆ ఆదేశం నిజంగా చేసే పని

కూబర్నెటీస్‌లో పాడ్‌ను మామూలుగా తొలగిస్తే నోడ్ మీద పాడ్‌లను చూసుకునే కూబ్లెట్ అనే ప్రోగ్రామ్ కంటైనర్‌కు సిగ్‌టర్మ్ (ఆగమని చెప్పే సిగ్నల్) పంపుతుంది. గడువు వేరేగా పెట్టకపోతే 30 సెకన్లు చూస్తుంది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) పంపుతుంది. కంటైనర్ ఆగిందని కూబ్లెట్ చెప్పాకే క్లస్టర్ వివరాలు అందించే ఏపీఐ సర్వర్‌లోని రికార్డు పోతుంది. గ్రేస్ పీరియడ్ (ఆ గడువు) సున్నా పెట్టి ఫోర్స్ ఇచ్చారంటే ఈ వరుస తలకిందులవుతుంది. రికార్డు ముందే పోతుంది, కూబ్లెట్ జవాబు కోసం ఎవరూ ఆగరు. కూబ్లెట్ ఆరోగ్యంగా ఉంటే తర్వాతైనా కంటైనర్‌ను ఆపుతుంది. కానీ మనం ఫోర్స్ డిలీట్‌కు దిగేదే కూబ్లెట్ పలకనప్పుడు! అంటే ఆ ఆదేశాన్ని నమ్మకూడని సమయంలోనే దాన్ని వాడుతున్నాం. నడుస్తున్నది క్లస్టర్‌లో నిరవధికంగా నడుస్తూ ఉండవచ్చని ఆదేశాలిచ్చే సాధనం కూబ్‌సీటీఎల్ హెచ్చరిక కూడా చూపిస్తుంది. దాన్ని చదివేవారు అరుదు.

ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది

వెబ్ సర్వర్ ప్రాసెస్ ఒకటి మిగిలిపోతే కొంత మెమరీ, సీపీయూ వృథా. చిరాకే తప్ప ప్రమాదం కాదు. డేటాబేస్‌ల వంటివాటిని నడిపే స్టేట్‌ఫుల్‌సెట్ సంగతి వేరు. ఒక గుర్తింపుతో ఒక సమయంలో ఒకే పాడ్ ఉంటుందన్న హామీ మీదే అది నిలబడి ఉంది. ఫోర్స్ డిలీట్ ఆ హామీని తీసేస్తుంది.

‘డేటాబేస్‌కు లాక్ ఫైల్ ఉంది కదా, రెండో ప్రాసెస్‌ను అదే అడ్డుకుంటుంది’ అని ధైర్యం చెప్పేవారుంటారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నే చూడండి. డేటా డైరెక్టరీలోని లాక్ ఫైల్‌లో అది తన ప్రాసెస్ నంబరు రాసుకుంటుంది. కంటైనర్‌లో ఆ నంబరు తరచూ 1. కొత్త కంటైనర్‌లోనూ 1. లాక్ ఫైల్‌లో తన నంబరే కనిపించడంతో అది పాత పరుగులో మిగిలిన చెత్త అని కొత్త ప్రాసెస్ తేల్చేసుకుంటుంది. షేర్డ్ మెమరీని (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీని) చూసి పసిగట్టే రెండో కాపలా కూడా ఉంది. కానీ రెండు కంటైనర్లవీ వేర్వేరు ఐపీసీ నేమ్‌స్పేస్‌లు (ఒకదాని షేర్డ్ మెమరీ మరొకదానికి కనపడని విడి గదులు), పైగా వేర్వేరు నోడ్‌లు, కాబట్టి దానికీ ఏమీ కనిపించదు. రెండు ప్రాసెస్‌లు ఒకే డైరెక్టరీలో రాస్తుంటాయి, ఎర్రర్ ఒక్కటీ రాదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను: పేరు పోవడం వేరు, ప్రాసెస్ ఆగడం వేరు.

మిగిలినదాన్ని పట్టుకోవడం

పాత నోడ్‌లోకి వెళ్ళండి. ముందు సీఆర్‌ఐసీటీఎల్ అనే సాధనంతో కంటైనర్లు చూడండి, ఉంటే దానితోనే ఆపి తొలగించండి. కంటైనర్లను నడిపే రన్‌టైమ్ కంటైనర్‌డీ అయి, దాని సొంత సాధనం సీటీఆర్ వాడితే, కంటైనర్‌డీలో కూబర్నెటీస్‌కు ఉన్న నేమ్‌స్పేస్ ఇవ్వడం మరవకండి. ఇవ్వకపోతే ఖాళీ జాబితా వస్తుంది, మీరు మళ్ళీ మోసపోతారు. రన్‌టైమ్ ఇచ్చేదీ జాబితానే. అక్కడ లేకపోయినా ప్రాసెస్ ఉండవచ్చు. కాబట్టి పీఎస్ ఆదేశంతో నేరుగా ప్రాసెస్‌లు చూడండి. అనుమానం వచ్చిన ప్రతిదానికీ ప్రాక్ డైరెక్టరీలో దాని సీగ్రూప్ (కెర్నల్ కట్టే ప్రాసెస్‌ల గుంపు) ఫైల్ తెరిస్తే, పాడ్ యూఐడీతో (గుర్తింపు సంఖ్యతో) సహా అది ఏ పాడ్‌దో తెలుస్తుంది.

ఇక మిగతావి, వరుస లేకుండా:

- షిమ్ ప్రాసెస్‌ను చంపకండి. రన్‌టైమ్‌కూ కంటైనర్‌కూ ఉన్న లంకె అదే. అది పోయాక ప్రాసెస్ మిగిలిపోతే ఏ జాబితాలోనూ దొరకదు.

- ఒక్కొక్క ప్రాసెస్‌నూ వెంటాడి చంపకండి, మీరు ఒకటి చంపేలోగా అది ఇంకొకటి పుట్టిస్తుంది. సీగ్రూప్ రెండో వెర్షన్, 5.14 లేదా ఆపై లినక్స్ కెర్నల్ ఉంటే ఆ సీగ్రూప్‌లోని ‘కిల్’ ఫైల్‌లో 1 రాయండి. అందులోనివన్నీ ఒకేసారి పోతాయి.

- హోస్ట్ పీఐడీ నేమ్‌స్పేస్ (నోడ్ సొంత ప్రాసెస్ నంబర్ల జాబితా) వాడే పాడ్‌లో ప్రధాన ప్రాసెస్ చస్తే పిల్లలు చస్తాయనుకోకండి. సొంత నేమ్‌స్పేస్‌లో 1వ నంబరు ప్రాసెస్ పోతేనే కెర్నల్ మిగతావాటిని చంపుతుంది.

- పీఎస్‌లో ‘జెడ్’ కనిపిస్తే అది జాంబీ. ఇప్పటికే చచ్చింది, దానికి సిగ్‌కిల్ పంపి ప్రయోజనం లేదు. దాన్ని ఏరివేయాల్సింది దాని పేరెంట్.

- ‘డీ’ కనిపిస్తే భయపడండి. ఐఓ (చదవడం, రాయడం) కోసం కెర్నల్‌లో ఇరుక్కున్న ప్రాసెస్ అది, తరచూ పలకని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది ఫైల్ నిల్వ) వల్ల. సిగ్‌కిల్ అప్పటికప్పుడు పనిచేయదు. ఎన్ఎఫ్ఎస్ తిరిగి లేచినప్పుడు ఆగి ఉన్న రాతలు డిస్కుకు చేరవచ్చు. ఈలోగా కొత్త పాడ్‌ను లేపకండి. నోడ్‌ను రీబూట్ చేయండి.

- పాత నంబరుతో కిల్ కొట్టకండి. ప్రాసెస్ నంబర్లు మళ్ళీ వాడుకలోకి వస్తాయి. కొట్టే క్షణంలో మరోసారి చూడండి.

- హోస్ట్ మీద పోర్టు ఖాళీగా కనిపిస్తే తృప్తి పడకండి. ఆ కంటైనర్‌కు సాధారణంగా వేరే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఉంటుంది.

- డిస్కు పాత నోడ్‌కే తగిలి ఉందని మల్టీ అటాచ్ ఎర్రర్ వస్తే అది మీ శత్రువు కాదు. మిమ్మల్ని కాపాడుతున్నది అదొక్కటే. వాల్యూమ్‌అటాచ్‌మెంట్‌ను (డిస్కు ఏ నోడ్‌కు తగిలిందో చెప్పే రికార్డును) చేత్తో తీసేయకండి.

- ఫైనలైజర్‌ను (తొలగింపును ఆపి ఉంచే గుర్తును) ఎవరు, ఎందుకు పెట్టారో తెలియకుండా తొలగించకండి.

- ఫోర్స్ డిలీట్‌ను స్క్రిప్టులో పెట్టకండి. ఎంత చిన్న స్క్రిప్టయినా సరే.

- నోడ్‌లోకి వెళ్ళలేకపోతున్నారా? దాని పవర్ తీయించండి. ఆగిపోయిందని కళ్ళతో చూశాకే నోడ్‌కు ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ టెయింట్ (నోడ్ మీద పెట్టే గుర్తు) పెట్టండి. కూబర్నెటీస్ 1.28లో అది స్థిరపడింది, సరిగ్గా ఇందుకే ఉంది. పవర్ తీయకుండా టెయింట్ పెడితే మీరు చేసింది మళ్ళీ ఫోర్స్ డిలీటే.

- పవర్ కూడా తీయలేకపోతే పాడ్‌ను టెర్మినేటింగ్‌లోనే వదిలేయండి. సేవ ఆగనివ్వండి. ఫోన్ చేసి తొందరపెట్టేవారికి ఆ మాటే చెప్పండి.