నల్గొండలో ఫ్లాట్ అద్దెకు తీసుకునే ముందు జాగ్రత్తలు

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడాలని మన చుట్టాలు, స్నేహితులు నల్గొండకు వస్తుంటారు. లాడ్జి కంటే వంటగది ఉన్న ఫ్లాట్ రెండు మూడు రోజులకు తీసుకుంటే పిల్లలతో సుఖం, ఖర్చూ తక్కువ. అడ్వాన్సు పంపే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

• నీళ్లు. అన్నిటికంటే ముందు ఇదే అడగండి. మన జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగించినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు సరే. తాగడానికి, అన్నం పప్పు వండడానికి మిషన్ భగీరథ నీళ్లో, ఆర్వో క్యానో వాడండి. వంటింట్లో రెండు నల్లాలుంటే ఏది దేనిదో ఓనరును చూపించమనండి.

• ఎన్నో అంతస్తు? లిఫ్టు పనిచేస్తుందా? ఒకసారి వేరే ఊళ్లో నేను అడగలేదు. మా అమ్మ మోకాళ్ల నొప్పితో మూడంతస్తులు మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కింది. ఆ రెండు రోజులూ మళ్లీ కిందికి దిగనేలేదు.

• ఆధార్ కాపీ అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

• దిగగానే గదులన్నీ వీడియో తీసి ఓనరుకు పంపండి. గోడ పగుళ్లు, విరిగిన గొళ్లెం అన్నీ అందులో పడాలి.

• గ్యాస్ వాసన వస్తోందా, ఎండాకాలమైతే కూలరు ఉందా చూసుకోండి.

గుడికి ఎండ ఉండగా వెళ్లండి. గర్భగుడిలో లింగం వెనక నిలువు నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. పిల్లలను అక్కడ కాసేపు నిలబెట్టి చూపించండి.